కోడికునుకులు కూడబెడితే రాత్రి నిద్ర అవుతుందా?

రాత్రి రెండు గంటలకు నాంపల్లి స్టేషన్ ముందు నిలబడితే మన నగరం ఎన్ని ముక్కలుగా నిద్రపోతుందో తెలుస్తుంది. 1907లో కట్టిన ఆ స్టేషన్ బయట ఆటో వెనక సీటులో కాళ్లు బయటకు చాపి ఒక డ్రైవర్ కునుకు తీస్తుంటాడు. సంచి తలకింద పెట్టుకుని ఒక కుటుంబం తెల్లవారుజాము బండి కోసం ఎదురుచూస్తుంటుంది. అక్కడి నుంచి రెడ్ హిల్స్ వైపు వెళ్తే నీలోఫర్ పిల్లల ఆస్పత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి వస్తాయి. అక్కడ రోగుల బంధువులు నేల మీద దుప్పటి పరుచుకుని, లోపలి నుంచి ఎప్పుడు పిలుపు వస్తుందోనని ఒక చెవి మెలకువగా ఉంచుకునే నిద్రపోతారు. జనవరి వచ్చిందంటే ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ సందడి. 1938లో మొదలైన ఆ ప్రదర్శనకు దూర రాష్ట్రాల నుంచి వచ్చే వ్యాపారుల్లో సరుకు మూటల పక్కనే నడుం వాల్చేవారు ఎందరో.

వీరెవరూ నిద్రను కావాలని ముక్కలు చేసుకోలేదు. బతుకు తెరువు చేయించింది, ప్రేమ చేయించింది. కానీ ఈ మధ్య మన యువతలో కొందరు ఇదే పనిని ఇష్టపూర్వకంగా, లెక్కలు వేసుకుని మరీ చేస్తున్నారు. రాత్రి పొడవునా పడుకోవడం దండగ, రోజంతా అక్కడక్కడా చిన్న చిన్న కునుకులు తీస్తే చాలు, మిగిలిన సమయమంతా మనదే అన్నది వారి వాదన. పోటీ పరీక్షలకు చదివేవారు, రెండు ఉద్యోగాలు చేసేవారు దీనికి ఆకర్షితులవుతున్నారు. విశ్వాసుల్లోనూ కొందరు, మిగిలిన సమయాన్ని ప్రార్థనకూ పరిచర్యకూ ఇవ్వవచ్చు కదా అని మమ్మల్ని అడుగుతున్నారు. అడిగేవారి ఉద్దేశం మంచిదే. అందుకే ఆ ప్రశ్నను తేలిగ్గా తోసేయకుండా జాగ్రత్తగా ఆలోచిద్దాం.

ఆశ పెట్టే లెక్క

ఈ పద్ధతుల్లో బాగా పేరుపడినది 'ఊబర్‌మ్యాన్'. నాలుగు గంటలకు ఒకసారి 20 నిమిషాల కునుకు, రోజుకు ఆరు కునుకులు, మొత్తం రెండు గంటల నిద్ర. కాస్త మెతకదైన 'ఎవ్రీమ్యాన్' పద్ధతిలో రాత్రి మూడు గంటల నిద్ర, పగలు మూడుసార్లు 20 నిమిషాల చొప్పున కునుకు. ఎనిమిది గంటలు పడుకునే మనిషి రెండు గంటలకు దిగితే రోజుకు ఆరు గంటలు మిగులుతాయి. ఏడాదికి 2,190 గంటలు, అంటే 91 రోజులు. సంవత్సరానికి మూడు నెలలు ఉచితంగా దొరుకుతాయంటే ఎవరికి ఆశ పుట్టదు?

దీనికి పెద్దల పేర్లు సాక్ష్యంగా చూపుతారు. లియొనార్డో డావిన్చీ ఇలాగే పడుకునేవాడంటారు, కానీ ఆయన కాలపు ఆధారమేదీ దానికి లేదు. బల్బుతో పేరుపొందిన ఎడిసన్ రాత్రి నిద్రను తేలిక చేసి మాట్లాడాడు, నిజమే. అయితే ప్రయోగశాలలోనే మంచం వేయించుకుని పగలు కునుకులు తీసిన మనిషి కూడా ఆయనే. ఇక బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే అమెరికా రూపశిల్పి ఆరు గంటలకు ఒకసారి అరగంట చొప్పున రోజుకు రెండు గంటలే పడుకుని రెండేళ్లు గడిపానని చెప్పినట్లు 1943లో టైమ్ పత్రిక రాసింది. ఆయన దాన్ని మానేసిన కారణం కూడా అందులోనే ఉంది. తనతో వ్యాపారం చేసేవారు మామూలు మనుషుల్లా రాత్రిపూట పడుకోవడం మానలేదు కాబట్టి ఆయనకు కుదరలేదట. చెప్పింది ఆయనే, పక్కన ఉండి కొలిచిన వైద్యుడు లేడు. ఒక మనిషి తన గురించి తాను చెప్పుకున్న సాక్ష్యం మీద మన ఆరోగ్యాన్ని కట్టుకోవచ్చా?

దేవుడు రాత్రిని ఎలా కట్టాడు?

నిద్ర అంటే దీపం ఆర్పినట్టు శరీరాన్ని ఆపేయడం కాదని ఇప్పుడు శాస్త్రం చెబుతోంది. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియెల్ క్లైట్‌మన్ నిద్రలో కళ్లు వేగంగా కదిలే దశ ఒకటి ఉందని ప్రకటించారు. మనం ఎక్కువగా కలలు కనేది ఆ దశలోనే. రాత్రి నిద్ర ఇంచుమించు 90 నిమిషాల ఆవృతాలుగా నడుస్తుంది. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర అన్న వరుస నాలుగైదు సార్లు తిరుగుతుంది. అయితే ఏ రెండు ఆవృతాలూ ఒకేలా ఉండవు. రాత్రి మొదటి భాగంలో గాఢ నిద్ర ఎక్కువ, తెల్లవారుతున్న కొద్దీ కలల నిద్ర ఎక్కువ. గాఢ నిద్రలో శరీరం తన మరమ్మతులు చేసుకుంటుంది, ఎదుగుదలకు అవసరమైన హార్మోన్ విడుదలవుతుంది. పగలు నేర్చుకున్నది జ్ఞాపకంలో స్థిరపడడానికీ నిద్ర కావాలి.

ఇప్పుడు 20 నిమిషాల కునుకును తీసుకోండి. మనిషి పడుకుని, తేలిక నిద్రలోకి జారి, గాఢ నిద్ర గడప దగ్గరకు చేరేసరికి అలారం మోగుతుంది. ఆరుసార్లు గడప దాకా వెళ్లి ఆరుసార్లు వెనక్కి వచ్చినవాడు ఇంట్లో ఉన్నట్టా? ఇటుకలు ఎన్ని ఉన్నా వాటిని ఒకదానిపై ఒకటి పేర్చకపోతే గోడ లేవదు. నిద్ర కూడా అంతే. చాలా రోజులు ఇలా గడిపినవారిలో ఆకలి పట్టలేని శరీరం కునుకులోనే నేరుగా గాఢ నిద్రలోకి దూకేస్తుంది. దాన్ని చూసి శరీరం అలవాటు పడింది అని సంబరపడతారు. అది అలవాటు కాదు, కరువులో ఉన్నవాడు గంజిని ఆబగా తాగడం లాంటిది.

ఇంకొక విషయం. మన దేహంలో ఒక గడియారం ఉంది. అది మోజంజాహి మార్కెట్ గోపురం మీది గడియారంలా అందరికీ కనిపించేది కాదు, ప్రతి కణంలోనూ నడిచేది. దాని పనితీరును కనుగొన్నందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రోస్‌బాష్, మైకేల్ యంగ్ వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. వెలుగూ చీకటీ చూసి ఆ గడియారం సరిచేసుకుంటుంది. పగటికి పగటి పని, రాత్రికి రాత్రి పని పంచుతుంది. తెల్లవారుజామున మూడు నుంచి ఐదు గంటల మధ్య మన చురుకుదనం అట్టడుగుకు చేరుతుంది. మనం అలారాలు మార్చుకోగలం గాని ఆ గడియారాన్ని నాలుగు గంటలకొకసారి తిప్పలేం. ఆదికాండములో దేవుడు వెలుగును చీకటిని వేరు చేసినది మొదటి దినమే. సూర్యచంద్రులకంటే ముందు ఏర్పడిన ఆ హద్దు మన కణాల్లో కూడా ఉందంటే ఆశ్చర్యపోవాలా, స్తుతించాలా?

తెలియకుండా పెరిగే అప్పు

మాకు బాగానే ఉంది, ఏమీ తేడా లేదు అని ఈ పద్ధతి పాటించేవారు అంటుంటారు. సరిగ్గా అక్కడే ప్రమాదం. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు హాన్స్ వాన్ డొంగెన్, డేవిడ్ డింజెస్ బృందం ఆరోగ్యవంతులైన పెద్దలను రోజుకు నాలుగు గంటలు, ఆరు గంటలు, ఎనిమిది గంటలు పడుకునే గుంపులుగా చేసి 14 రోజులు పరీక్షించింది. తక్కువ పడుకున్నవారి ఏకాగ్రత రోజురోజుకూ దిగజారి, ఒకటి రెండు రాత్రులు పూర్తిగా మేలుకున్నవారి స్థాయికి చేరింది. కానీ ఎలా ఉందని అడిగితే కాస్త నిద్రమత్తుగా ఉంది అన్నారంతే. తాము ఎంత దిగిపోయారో వారికే తెలియలేదు. అప్పుల్లో ఉన్నవాడికి అప్పు ఎంతో తెలియకపోవడం కంటే పెద్ద కష్టం ఉందా?

చాయ్ ఉంది కదా అంటారు. మెలకువగా ఉన్న కొద్దీ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుని మనకు నిద్ర వచ్చేలా చేస్తుంది. చాయ్, కాఫీల్లోని కెఫీన్ ఆ పదార్థం తలుపు తట్టకుండా అడ్డం నిలుస్తుంది, అంతే. పేరుకున్నది అలాగే ఉంటుంది. ఇరానీ చాయ్ అప్పులవాణ్ణి కాసేపు గుమ్మం బయట నిలబెట్టగలదు గాని అప్పు తీర్చలేదు.

2021లో అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ నియమించిన నిపుణుల బృందం ఈ ముక్కల నిద్ర పద్ధతులపై అప్పటివరకు వచ్చిన పరిశోధనలన్నీ పరిశీలించింది. మేలు జరుగుతుందనడానికి ఆధారం కనబడలేదని, శరీరానికీ మనసుకూ పనితీరుకూ నష్టమే కనబడుతోందని, వాటిని పాటించవద్దని తేల్చింది. పెద్దవారికి రోజుకు కనీసం ఏడు గంటల నిద్ర అవసరమన్నది 2015లో అమెరికా నిద్రవైద్య సంఘాలు ఇచ్చిన సలహా.

కునుకును తిట్టకండి

అలాగని కునుకు చెడ్డదనుకోకూడదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ఒకప్పుడు దూరప్రయాణ విమానాల పైలట్లకు వంతులవారీగా 40 నిమిషాల విశ్రాంతి ఇచ్చి చూసింది. సగటున 26 నిమిషాలు నిద్రపోయిన ఆ పైలట్లు విశ్రాంతి లేనివారికంటే చురుగ్గా ఉన్నారు. ఒంటరిగా పడవల్లో మహాసముద్రాలు దాటే పందేల నావికులను పరిశీలించిన క్లాడియో స్టాంపి కూడా, పూర్తి నిద్రకు వీలే లేని అత్యవసర పరిస్థితిలో చిన్న కునుకులు మనిషిని నిలబెడతాయని గమనించారు. 1992లో ఆయన సంపాదకత్వంలో దీనిపై ఒక గ్రంథమే వచ్చింది. కానీ అది తుఫానులో చిక్కినవాడి ఉపాయం. ఒడ్డున ఉన్నవాడు దాన్ని జీవన విధానం చేసుకోవడమెందుకు?

మధ్యాహ్నం భోజనం తర్వాత మన పెద్దలు తీసే కోడికునుకు రాత్రి నిద్రకు తోడు. ఇరవై నిమిషాలు, మూడు గంటలలోపు అయితే మేలే చేస్తుంది. తోడు వచ్చినవాణ్ణి ఇంటి యజమానిని చేస్తేనే చిక్కు.

ఇంకొందరు పాతకాలపు వారూ రాత్రి రెండు విడతలుగా పడుకునేవారని గుర్తుచేస్తారు. రోజర్ ఎకిర్క్ అనే చరిత్రకారుడు 2001 నుంచి దీనిపై రాశారు. విద్యుద్దీపాలకు ముందు ఐరోపాలో చాలామంది మొదటి నిద్ర, రెండో నిద్ర అంటూ పడుకుని, మధ్యలో గంటో రెండో మేలుకుని ప్రార్థించేవారు, మాట్లాడుకునేవారు. 119వ కీర్తన రాసిన భక్తుడు కూడా అర్ధరాత్రి లేచి స్తుతించానంటాడు. కానీ గమనించండి. వారు పెందలాడే పడుకునేవారు. మధ్యలో మేలుకున్నా మొత్తం నిద్రకు లోటు రానిచ్చేవారు కాదు. సీరియల్ చూసి, ఫోన్ చూసి పన్నెండింటికి పడుకుని రెండింటికి లేస్తే అది కీర్తనకారుని పద్ధతి కాదు.

వెస్లీ గారి అలారం

ఆబిడ్స్ నుంచి నాంపల్లికి వచ్చేదారిలో చాపెల్ రోడ్డు ఉంది. 1895లో మెథడిస్టు మిషనరీలు స్థాపించిన స్టాన్లీ బాలికల పాఠశాల అక్కడే ఉంది. ఆ మిషనరీలకూ, 1947లో సి.ఎస్.ఐ.లో కలిసిన మన తెలంగాణ వెస్లియన్ సంఘాలకూ ఆత్మీయ తండ్రి జాన్ వెస్లీ. నిద్ర గురించి అంత శ్రద్ధగా ఆలోచించిన సువార్తికుడు మరొకరు అరుదు. సమయాన్ని సద్వినియోగం చేసుకోవడం మీద 1782లో ఆయన ఒక ప్రసంగమే రాశారు.

అందులో తన అనుభవం చెబుతారు. యౌవనంలో ఆయనకు ప్రతి రాత్రీ పన్నెండు, ఒంటిగంట వేళ మెలకువ వచ్చి చాలాసేపు నిద్రపట్టేది కాదు. అవసరానికి మించి పడక మీద ఉంటున్నానేమోనని అనుమానించి ఒక అలారం తెచ్చుకున్నారు. మొదటి ఉదయం ఏడింటికి లేచారు, ఆ రాత్రీ మెలకువ వచ్చింది. రెండో ఉదయం ఆరింటికి, మూడో ఉదయం ఐదింటికి లేచినా మెలకువ తప్పలేదు. నాలుగో ఉదయం నాలుగింటికి లేచారు. ఆ రాత్రి నుంచి మధ్యలో మెలకువ లేదు. ఆ తర్వాత జీవితాంతం అదే వేళ.

చాలామంది బోధకులు నాలుగు గంటలకు లేవడాన్ని మాత్రమే చెప్పి వదిలేస్తారు. అసలు పాఠం తర్వాత ఉంది. ఆరోగ్యంగా ఉన్న పురుషునికి ఆరు గంటలకు కొంచెం పైన, స్త్రీకి ఏడు గంటలకు కొంచెం పైన నిద్ర కావాలని ఆయన తేల్చారు. తనకు ఆరున్నర గంటలు అవసరమని, అంతకు తగ్గితే తాను సరిగ్గా నడవలేనని ఒప్పుకున్నారు. అంటే ఆయన రాత్రిని ముక్కలు చేయలేదు, ముక్కలైన రాత్రిని ఒకటి చేసుకున్నారు! ఉదయం నాలుగింటికి లేవడానికి ఆయన చెల్లించిన వెల, రాత్రి పెందలాడే పడుకోవడం. తన శరీరాన్ని కొలిచి, అది చెప్పింది విన్నారు. నేటి లెక్క ఆయన లెక్కకంటే అరగంట ఎక్కువ చెబుతుంది, మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. కానీ ఆ పద్ధతి ఇప్పటికీ మంచిదే.

1788లో, 85 ఏళ్ల వయసులో, తన ఆరోగ్యానికి కారణాలు దినచర్య పుస్తకంలో రాసుకుంటూ ఆయన మూడు సంగతులు చేర్చారు. పుట్టినప్పటి నుంచి ఒక్క రాత్రి నిద్ర కూడా పోగొట్టుకోలేదట. బాగా అలసినప్పుడు పగలైనా రాత్రయినా పిలిస్తే నిద్ర వస్తుందట. అరవై ఏళ్లకు పైగా నాలుగింటికే లేస్తున్నారట. రాత్రి నిద్ర పూర్తిగా, పగటి కునుకు తోడుగా, వేకువ ప్రార్థన క్రమంగా. మూడూ కలిసే ఉన్నాయి, ఒకదాన్ని మరొకటి మింగలేదు.

మరి ఆల్ నైట్ ప్రేయర్ల మాటేమిటి?

ప్రభువైన యేసు పన్నెండుమంది శిష్యులను ఎన్నుకునే ముందు కొండమీద రాత్రంతా ప్రార్థనలో గడిపాడని లూకా 6వ అధ్యాయం చెబుతోంది. పౌలు, సీల అర్ధరాత్రి చెరసాలలో కీర్తనలు పాడారు. మన కాలంలో బ్రదర్ భక్తసింగ్ గారు కూడా 1941లో మద్రాసు దగ్గర పల్లావరం కొండమీద సహోదరులతో రాత్రి ప్రార్థనలో గడిపిన తర్వాతే అక్కడ సంఘాన్ని ఆరంభించారు. గొప్ప నిర్ణయానికి ముందు, గొప్ప భారం ఉన్నప్పుడు దేవుని ప్రజలు మేలుకున్నారు. ఆ భాగ్యాన్ని మన సంఘాలు పోగొట్టుకోకూడదు.

అయితే ఆ రాత్రులు ప్రత్యేకమైనవి, దినచర్య కావు. అదే సువార్తల్లో యేసు తుఫాను మధ్య పడవ వెనుక భాగాన తలగడ వేసుకుని నిద్రించాడు. నిద్రించని ప్రార్థన ఎంత విశ్వాసమో ఆ నిద్ర కూడా అంతే విశ్వాసం. గెత్సేమనేలో శిష్యులు నిద్రపోయినప్పుడు వారి కళ్లు భారంగా ఉన్నాయని మత్తయి దయతో రాశాడు. త్రోయలో పౌలు అర్ధరాత్రి వరకు ప్రసంగిస్తుంటే ఐతుకు అనే యువకుడు మూడో అంతస్తు కిటికీలోంచి నిద్రమత్తులో పడిపోయాడు. అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో ఆ యువకుణ్ణి ఎవరైనా మందలించినట్టు ఒక్క మాట లేదు. పౌలు ప్రసంగం ఆపి కిందికి దిగి అతణ్ణి కౌగిలించుకున్నాడు.

నేటి ఐతుకులు కిటికీలో కూర్చోవడం లేదు, బైకు మీద కూర్చుంటున్నారు. రాత్రంతా ప్రార్థించి తెల్లవారుజామున నాలుగింటికి భార్యాబిడ్డలను వెనక ఎక్కించుకుని బయలుదేరే సహోదరుల గురించి మా భయం. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు డాసన్, రీడ్ ప్రకటించిన ఫలితాల ప్రకారం 24 గంటలు నిద్ర లేనివారి చేతికీ కంటికీ పొత్తు, 100 మిల్లీలీటర్ల రక్తంలో 100 మిల్లీగ్రాముల మద్యం ఉన్నవారితో సమానంగా దెబ్బతింటుంది. మన దేశంలో వాహనం నడపడానికి చట్టం అనుమతించే హద్దు 30 మిల్లీగ్రాములు. చుక్క మద్యం ముట్టని విశ్వాసి ఆ హద్దుకు మూడింతలు దాటిన తాగుబోతులా బండి నడుపుతున్నాడని తెలిస్తే సంఘకాపరి ఊరుకుంటాడా?

ఇక్కడా వెస్లీ గారే దారి చూపారు. 1740ల్లో కింగ్స్‌వుడ్ బొగ్గుగని కార్మికుల మధ్య ఆయన 'వాచ్ నైట్' ఆరాధనలు మొదలుపెట్టినప్పుడు నెలకు ఒకసారి, పున్నమికి దగ్గరి శుక్రవారమే నియమించారు. ఎనిమిదింటికో తొమ్మిదింటికో మొదలై అర్ధరాత్రి దాటిన కాసేపటికి ముగిసేవి. తమ పనికీ కుటుంబానికీ నష్టం లేనివారు మాత్రమే రావాలని ముందే చెప్పారు. ఆత్మలో మండుతున్న మనిషే వెన్నెల ఏ రోజు ఉంటుందో లెక్క చూశాడు!

మనమూ కొన్ని చేయవచ్చు. రాత్రి ప్రార్థన పెట్టేరోజు మధ్యాహ్నం అందరూ గంటన్నర పడుకుని రమ్మని ముందు ఆదివారమే ప్రకటించవచ్చు. మర్నాడు సెలవున్న రోజునే పెట్టవచ్చు. ముగిశాక ఆలయంలోనే చాపలు పరిచి, తెల్లవారి ఆరు గంటల వరకు పడుకోనిచ్చి పంపవచ్చు. లేదా విశ్వాసులను నాలుగు జాములుగా విభజించి, ఒక్కొక్క గుంపు ఒక్కొక్క జాము ప్రార్థిస్తే ప్రార్థన రాత్రంతా ఆగదు, ఎవరి నిద్రా పూర్తిగా పోదు. ప్రభువు చెప్పిన ఉపమానంలోని నాలుగు జాముల లెక్క మార్కు 13లో ఉన్నదే.

కోరుకోకుండా ముక్కలైన రాత్రులు

ఇష్టపడి నిద్ర వదులుకునేవారికి చెప్పవలసింది చెప్పాం. ఇష్టం లేకుండా పోగొట్టుకునేవారికి సంఘం ఏం చేస్తోంది? రైలింజన్ నడిపే లోకో పైలట్లు వరుసగా ఎన్ని రాత్రులు డ్యూటీ చేయాలన్నదానిపై ఏళ్ల తరబడి విన్నవించుకుంటున్నారు. మన సంఘాల్లో నర్సులు ఎందరున్నారో చెప్పనక్కరలేదు. ఆదివారం ఆరాధనలో వెనక బెంచీ మీద కునికే సోదరిని చూసి భక్తి తగ్గిందనుకోకండి. ఆమె రాత్రంతా ఎవరి బిడ్డ ఊపిరినో కాపలా కాసి నేరుగా ఆలయానికి వచ్చి ఉండవచ్చు.

రాత్రి డ్యూటీ ఉన్నవారికి కొన్ని మాటలు. డ్యూటీకి వెళ్లేముందు గంటన్నర పడుకోండి. డ్యూటీ మధ్యలో వీలైతే 20 నిమిషాల కునుకు తీయండి, లేచాక పది పదిహేను నిమిషాలు మత్తు వదిలేదాకా కీలకమైన పని ముట్టకండి. ఇంటికి చేరాక కిటికీలు మూసి, ఫోన్ పక్కన పెట్టి, ఒకే విడతగా ఎంతసేపు వీలైతే అంతసేపు పడుకోండి. ఇంట్లోవారు ఆ నిద్రను రాత్రి నిద్రంత గౌరవంతో కాపాడాలి. ఎంత పడుకున్నా పగలు తూలుతున్నా, నిద్రలో ఊపిరి ఆగినట్టు గురక వస్తున్నా అది బద్ధకం కాదు. వైద్యుణ్ణి చూడాలి.

ఆస్పత్రి నేలమీద పడుకునే తల్లులకు మాత్రం సలహాలు చాలవు, మనుషులు కావాలి. మీ సంఘంలో ఎవరి బిడ్డయినా, ఎవరి భర్తయినా ఆస్పత్రిలో ఉంటే పండ్లు పట్టుకెళ్లి పావుగంట ప్రార్థించి రావడం మంచిదే. కానీ "అక్కా, ఈ రాత్రి నేను కూర్చుంటాను, నువ్వు మా ఇంటికెళ్లి పడుకో" అనగలవారు ఇద్దరు దొరికితే అంతకంటే గొప్ప పరిచర్య లేదు. ఒక మనిషికి ఎనిమిది గంటల ఎడతెగని నిద్ర ఇవ్వడం కూడా దానమే. ఆ దానానికి డబ్బు అక్కరలేదు, ఒక్క రాత్రి చాలు.

నిద్ర మన్నా లాంటిది

ఇశ్రాయేలీయులకు అరణ్యంలో మన్నా ఏ రోజుది ఆ రోజే దొరికేది. రేపటికి దాచుకున్నవారి పాత్రల్లో పురుగులు పట్టాయి. నిద్ర కూడా అనుదిన ఆహారమే. ఆదివారం పగలంతా పడుకుని వారం లోటు తీర్చలేం, ఈ నెల తగ్గించి వచ్చే నెలకు సమయం కూడబెట్టలేం. ఏ రాత్రి పాలు ఆ రాత్రి దేవుని చేతి నుంచి తీసుకోవడమే.

సోమరికి సామెతల గ్రంథం చీమను చూపి బుద్ధి చెప్పిన మాట నిజమే. మంచం దిగని సోమరితనం పాపమే. కానీ 127వ కీర్తన మరో పక్క కూడా చెబుతోంది. పొద్దున్నే లేచి, పొద్దుపోయేదాకా మేలుకుని, కష్టపడి తినే ప్రయాస దేవుడు లేకుండా వ్యర్థమని, తన ప్రియులకు ఆయన ఇచ్చేది వారి నిద్రలోనూ ఆగదని. ఆది నుంచి బైబిలు దినాన్ని అస్తమయంతో మొదలుపెట్టి ఉదయంతో ముగిస్తుంది. అంటే దేవుని లెక్కలో మన దినం విశ్రాంతితో మొదలై పనిలోకి వెళ్తుంది. మనం పడుకునేసరికి ఆయన పని మొదలై ఉంటుంది, లేచాక మనం అందులో చేరుతాం.

ఏలీయా ప్రవక్త బదరీ చెట్టు కింద చావు కోరుకుంటూ పడిపోయినప్పుడు దేవుడు అతనికి ముందు ప్రసంగం పంపలేదు. నిద్ర ఇచ్చాడు, వేడి రొట్టె ఇచ్చాడు, మళ్లీ నిద్ర ఇచ్చాడు, మళ్లీ తినిపించాడు. హోరేబు కొండకు నలభై దినాల నడక, అక్కడ వినబడిన మెల్లని స్వరం ఆ తర్వాతే. అలసిన శరీరానికి దైవస్వరం కూడా దూరంగానే వినిపిస్తుందని సృష్టికర్తకు తెలుసు.

121వ కీర్తన ప్రకారం కునుకనివాడు, నిద్రపోనివాడు ఒక్కడే. ఆ ఉద్యోగానికి మనల్ని ఆయన పిలవలేదు. కాబట్టి ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ రాత్రి చదవవలసిన పుటలు మిగిలి ఉన్నా, తీర్చవలసిన బాకీలు ఉన్నా, ప్రార్థించవలసిన పేర్లు ఇంకా ఉన్నా, వాటిని కావలివాని చేతికి అప్పగించి దీపం ఆర్పండి. మీరు ఆపిన చోట నుంచి ఆయన చూసుకుంటాడు.